చివరి కుళాయి దాకా

దైమతి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చేసరికి నేను ఆఫీసు క్యాంటీన్‌లో టీ కోసం వరసలో నిలబడి ఉన్నాను. అరనిమిషం కూడా లేదు.

"అక్కా, నాన్న పోయినాడు. మొన్న తెల్లారి నిద్దట్లోనే పోయినాడు. నిన్న మట్టి సేసీసినాం. నీకు బేగి సెబ్దామంటే వానకి టవరు పోనాది. నీళ్ళు మాత్రం ఒక్క పూటా ఆగనేదు."

అంతే. ఆ ఆఖరి మాట దగ్గర ఆమె గొంతు కొంచెం లేచింది. ఏడుపువల్ల కాదు. తండ్రి పోయిన కబురులో నీళ్ళ సంగతేమిటని ఇంకెవరైనా అనుకోవచ్చు. ఆ ఇంటి గురించి తెలిసినవాళ్ళకి అది ముందు చెప్పవలసిన మాట. టీ తీసుకోకుండానే వరసలోంచి బయటికొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. మెసేజ్ మళ్ళీ విన్నాను. మూడోసారి కూడా విన్నాను.

అరకులోయ సంత దాటి ఆటోలో కొంతదూరం, అక్కడినుంచి కాలిబాటన గంటసేపు నడిస్తే వాళ్ళ ఊరు. నలభై గడపలు ఉంటాయేమో. ఊరి వెనక కొండ, కొండమీద ఒక ఊట. ఊట దగ్గర చిన్న సిమెంటు తొట్టి కట్టి, అందులోంచి నల్ల పైపు ఒకటి చెట్లమధ్యనుంచి, రాళ్ళమీదనుంచి, కాఫీ తోటల పక్కనుంచి రెండు కిలోమీటర్లు కిందికి లాగారు. ఊళ్ళో ట్యాంకు, ట్యాంకు కింద ఐదు కుళాయిలు. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. వాలే దాన్ని నడిపిస్తుంది. ఎప్పుడో ఎవరో వచ్చి పెట్టించి వెళ్ళిపోయారు. పెట్టించినవాళ్ళు వెళ్ళాక ఆ పైపుకి మిగిలిన మనిషి దైమతి నాన్న. ఊళ్ళో అందరూ నీళ్ళాయన అనేవారు. నేను బాబాయ్ అనేదాన్ని.

పొట్టి మనిషి. మోచేతులదాకా చేతులెప్పుడూ తడిగా ఉండేవి. భుజానికి ఒక సంచి, అందులో కత్తి, రంపం ముక్క, అగ్గిపెట్టె, పాత సైకిలు ట్యూబులు కోసిన రబ్బరు పట్టీలు. పైపు ఎక్కడైనా మొరాయిస్తే మోకాళ్ళమీద కూర్చుని, చెవి దానికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఆ సమయంలో ఎవరు మాట్లాడినా చెయ్యెత్తి ఆపేవాడు, ఊరి పెద్దయినా సరే. కాసేపటికి లేచి, "గాలి పట్టీసినాది," అనో, "ఆకు అడ్డుపడిపోనాది," అనో చెప్పి అటు నడిచేవాడు. ఒకసారి మాత్రం, "ఇది పీత," అన్నాడు. నేను నవ్వాను. గంట తరవాత ఆ పీతని ఆకు డొప్పలో వేసుకుని తెచ్చి మా గుమ్మంలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

పొద్దున్నే లేచి కొండెక్కుతాడని అనుకునేదాన్ని. కాదు. ముందు ఊరి చివర, ఆఖరి ఇంటిముందున్న ఐదో కుళాయి దగ్గరికి వెళ్ళేవాడు. తిప్పి, దోసిలి పట్టి, నాలుగు గుక్కలు అక్కడే తాగేవాడు. ఊట దగ్గర తాగగా నేనెప్పుడూ చూడలేదు. అదేమిటని అడిగితే, "సివరి కుళాయికి నీరొత్తే ఊరందరికీ వొచ్చినట్టే. మొదటిది సూసీసి ఇంటికెల్లిపోతే అది సూసినట్టేటి?" అన్నాడు.

పైపు దారిలో ఒక చోట, పశువుల్ని మేపే పిల్లలు దాహమేసినప్పుడల్లా కత్తితో గాటు పెట్టి తాగేవారట. ఊరివాళ్ళు వాళ్ళని పట్టుకుని తిట్టమన్నారు. ఈయన సంతకి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కుళాయి కొని తెచ్చి సరిగ్గా ఆ గాటు పడే చోటే బిగించాడు. తరవాత అక్కడ పైపు తెగలేదు. "దాహం తప్పేటి," అనేవాడు, ఆ సంగతి వచ్చినప్పుడల్లా.

నేనక్కడికి ఎందుకు వెళ్ళానో చెప్పాలి.

మా కంపెనీ ఆసుపత్రులకి ఒక సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. రక్తం పరీక్ష చేసిన గదిలోంచి రిపోర్టు డాక్టరు బల్లమీదకి, రోగి చేతికి చేరేది దాంట్లోంచే. అది ఆగకుండా చూడడం మా జట్టు పని. పదేళ్ళు చేశాను. నడిస్తే ఎవరికీ కనబడని పని, ఆగితే అందరూ తిట్టే పని. చివరి రెండేళ్ళూ ఫోను మోగితే చేతిలో ఉన్నది వదిలేసి పరిగెత్తేదాన్ని. స్నానానికి వెళ్ళినా ఫోను తలుపు బయట స్టూలుమీద ఉండేది. ఒకరోజు రాజీనామా రాసి పంపించాను. మేనేజరు ఆపి, ఉద్యోగం మానొద్దు, ఎక్కడ కావాలంటే అక్కడే ఉండి పని చేసుకోమన్నాడు. నా డిగ్రీ స్నేహితురాలు అరకు దగ్గర ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఆమె మాట సాయంతో ఆ ఊళ్ళో రెండు గదుల పెంకుటిల్లు అద్దెకి దొరికింది.

మొదటి రెండు వారాలూ నా మొహం చూసి నేనే మురిసిపోయాను. పొద్దున్నే మంచు, కట్టెలపొయ్యి, రాగి అంబలి. వైజాగ్‌లో ఉన్నవాళ్ళందరికీ ఫొటోలు పెట్టాను. అసలు బతుకంటే ఇదీ అని కింద రాశాను. సంతలో ఒక ఇత్తడి బిందె కూడా కొన్నాను. ఇంటి ఎదురుగానే కుళాయి ఉన్నా ఒకనాడు ఆ బిందె పట్టుకుని కింద పారే గెడ్డకి దిగాను. నీళ్ళు ముంచుకుని, నడుముమీద పెట్టుకుని, రెండో చేత్తో ఫోను పైకెత్తి ఫొటో తీసుకుంటూ ఎక్కుతున్నాను. దారిలో ఆయన ఎదురయ్యాడు. నన్ను, బిందెని చూసి ఆయన మొహం పాలిపోయింది.

"కుళాయిలో నీళ్ళు రాటం నేదా మేడమ్?"

నేను జవాబు చెప్పేలోగా సంచి సర్దుకుని పరుగులాంటి నడకతో మా ఇంటివైపు వెళ్ళిపోయాడు. నేను రొప్పుకుంటూ వెళ్ళేసరికి కుళాయి తిప్పి, ధారగా పడుతున్న నీళ్ళవంక చూస్తూ నిలబడి ఉన్నాడు.

"వత్తన్నాయి కదా," అన్నాడు. "మరి గెడ్డకేల ఎల్లినావు?"

"ఊరికే బాబాయ్. పాతరోజుల్లో మీరంతా ఇలాగే తెచ్చుకునేవారు కదా. ఎంత బాగుండేదో అనిపించింది."

ఆయన కుళాయి కట్టేసి అరుగుమీద కూర్చున్నాడు. కోపం రాలేదు. కానీ ఆ మాటని అలా వదిలెయ్యడం ఆయనకి ఇష్టం లేకపోయింది.

"మాయమ్మ ఆ గెడ్డకి రోజుకి ఆరుసార్లు దిగీది. కడుపుతో ఉన్నా దిగీది. మెడ ఇలగ వొంగిపోనాది," అని తన మెడ పక్కకి వంచి చూపించాడు. "సచ్చిపోయినప్పుడు కూడా అలగే ఉన్నాది, సాపు కానేదు. అది బాగుండీదని నీకెవులు సెప్పినారు?"

నేను బిందె కింద పెట్టాను.

"మొదట ఎదురుబొంగులు సీల్సి నీళ్ళు తెచ్చినాం. ఏడాదికి కుళ్ళిపోయేవి. ఈ నల్ల పైపు వొచ్చిన్నాడు నేను రాత్రంతా దాని పక్కనే తొంగున్నాను. ఎవులన్నా ఎత్తుకుపోతారని." లేచి సంచి సర్దుకుని, "రేపు నాతో రా. ఊట సూపిత్తాను," అన్నాడు.

మర్నాడు వెళ్ళాను. ఆయన మాట్లాడుతూ ఎక్కుతున్నాడు, నేను ఊపిరి పీల్చుకోవడానికే సరిపోయింది. వెనక ఆయన కూతురు దైమతి కొడవలితో తుప్పలు నరుకుతూ వచ్చింది. ముప్పైలోపు మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఆ ఊళ్ళోనే కాపరం. తండ్రీకూతుళ్ళు తమలో తాము వాళ్ళ ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకునేవారు, నాతో తెలుగులో. ప్రతి జాయింటు దగ్గరా ఆయన ఆగేవాడు. అరచేత్తో తడిమి, పొడిగా ఉంటే తలూపి కదిలేవాడు. ఒక చోట అరచెయ్యి తడిసింది. దైమతి ఏమీ అడక్కుండానే ఎండుపుల్లలు ఏరి మంట వేసింది. పైపు కొస మంటమీద తిప్పి మెత్తబడేదాకా వేడిచేసి, రెండో ముక్క అందులోకి నెట్టి, రబ్బరు పట్టీ బిగించింది. ఆయన పక్కన కూర్చుని నన్ను అడిగాడు.

"నువ్వేటి సేత్తావు మేడమ్? పొద్దల్లా ఆ పెట్టి ముందర కూకుంటావు."

"ఏమీ లేదు బాబాయ్. చూస్తూ కూర్చోవడమే," అన్నాను. అప్పట్లో నా పని గురించి ఎవరడిగినా అలాగే చెప్పేదాన్ని. ఆయన ఒప్పుకోలేదు. సరిగా చెప్పమన్నాడు. చెప్పాను. పరీక్ష గది, రిపోర్టు, డాక్టరు, మధ్యలో మేము.

"రక్తం ఒక కాడ, డాట్రు ఒక కాడ. మజ్జిన పైపు నీది," అన్నాడు.

పదేళ్ళలో మా అమ్మకి కూడా అర్థమయ్యేలా చెప్పలేకపోయిన పనిని ఆయన ఒక్క ముక్కలో పట్టేశాడు. అవునన్నాను.

"సివరి కుళాయి ఏది మరి?"

"అంటే?"

"నీళ్ళొచ్చినాయో నేదో నువ్వెక్కడ సూత్తావు?"

నేను ఆలోచించాను. మా తెరమీద ఆసుపత్రికొక చుక్క ఉంటుంది. ఆకుపచ్చగా వెలుగుతూ ఉంటే అంతా బాగున్నట్టు లెక్క. ఆ చుక్క చూసి లాగౌట్ అయ్యేదాన్ని. చుక్కకి అవతల, కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషి చేతికి కాగితం అందిందో లేదో నేనెప్పుడూ చూడలేదు. ఎలా చూడాలో కూడా తెలియదు. అదే ఆయనతో చెప్పాను.

"అయితే నువ్వు మొదటి కుళాయే సూత్తన్నావు," అన్నాడు ఆయన, తప్పు పట్టినట్టు కాకుండా, దారి తప్పినవాళ్ళకి దారి చూపించినట్టు.

ఆ మాట నన్ను కొన్నాళ్ళు పట్టుకుంది. అయినా అప్పటికి నేను మారలేదు. ఉద్యోగం మానేసి అక్కడే ఉండిపోవాలని, కాసిని మిరియాలు, కాసిని రాగులు పండించుకోవాలని కలలు కంటూనే ఉన్నాను. ఆయనకి ఆ కలలు చెబితే వినేవాడు. "రాగులు కోసేటప్పుడు నడుం పడిపోద్ది. ముందలే సెప్తన్నాను," అనేవాడు.

శ్రావణంలో ఆపకుండా వారం రోజులు వాన పట్టింది. వెలిసిన మర్నాడు పొద్దున్న కుళాయిల్లో ఎర్రనీళ్ళు వచ్చాయి, తరవాత గాలి, తరవాత ఏమీ లేదు. ఆయన, దైమతి పైకెళ్ళారు. మధ్యాహ్నానికి ఆయన ఒక్కడే దిగివచ్చి, ట్యాంకు దగ్గర పోగైన జనంతో రెండే ముక్కలు చెప్పాడు. కొండచరియ జారింది. తొట్టి లేదు.

కింద గెడ్డ హోరు ఊళ్ళోకి వినబడుతోంది. దుంగల వంతెన మునిగిపోయింది. నీళ్ళు ఎర్రమట్టి కలిపిన అంబలిలా ఉన్నాయి. వారంరోజుల బాలింత ఒకామె ఉంది ఊళ్ళో. కిందటి వానాకాలం గెడ్డ నీళ్ళు తాగి పిల్లలకి విరేచనాలు పట్టుకున్న సంగతి అందరికీ గుర్తుంది. కడవలతో గెడ్డకి దిగక తప్పదని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అప్పుడే చీరలు ఎగ్గట్టుకుంటున్నారు. ఆయన వాళ్ళని ఆపాడు. "రెండు రోజులు ఓర్సుకోండి. సూరు నీళ్ళు పట్టినవి ఉన్నాయి కదా, పొదుపుగా వాడండి. గెడ్డకి ఎవులూ దిగొద్దు," అన్నాడు. మర్నాడు తెల్లారగానే గడపకొకరు లెక్కన మనుషులు బయల్దేరారు. ఆయన ఏళ్ళతరబడి అటకమీద దాచిన పైపు చుట్టని నలుగురు భుజాలమీదకెత్తుకున్నారు.

నేనూ చెప్పులు వేసుకుని వచ్చాను. నా ల్యాప్‌టాప్ సంచి భుజానే ఉంది, ఎందుకో తీసి ఇంట్లో పెట్టలేదు.

"అది ఏటి?" అన్నాడు.

"ఇవాళ డ్యూటీ నాదే. జట్టులో ఇంకో అమ్మాయి ప్రసవానికి సెలవులో ఉంది. పర్వాలేదు బాబాయ్, కట్టేసి వస్తాను. మీకు పదిమంది చేతులు కావాలి. ఆ పని పోతే పోనీ."

నిజానికి నేను ఆ మాట చాలా గొప్పగా అన్నాను. ఊరికోసం ఉద్యోగాన్ని వదులుకుంటున్నట్టు.

ఆయన ఆగాడు. వెనకవాళ్ళని నడవమని సైగ చేశాడు.

"నువ్వు సూడకపోతే ఏటవుద్ది?"

"ఏదైనా ఆగితే... రిపోర్టులు వెళ్ళవు."

"ఎల్లకపోతే?"

"రోగులు కూర్చోవాలి. డాక్టరు మందు రాయలేడు."

"వాలకి సూరు నీళ్ళు ఉన్నాయేటి?"

నేను సంచి పట్టీ సర్దుకున్నాను.

"నీ పైపు నువ్వు సూసుకో గుంటా. మాది మేం సూసుకుంటాం," అన్నాడు. అదే మొదటిసారి ఆయన నన్ను మేడమ్ అనకుండా, ఇంట్లో పిల్లని పిలిచినట్టు గుంటా అనడం. "ఎల్లు. బేగి ఎల్లు."

కాఫీ తోటల పైన, సిల్వరోక్ చెట్ల వరస ఆఖర్న ఒక రాతి చప్టా ఉంది. ఊళ్ళో ఫోను సిగ్నల్ నిలకడగా దొరికే చోటు అదొక్కటే. గొడుగు, పవర్ బ్యాంకు పట్టుకుని అక్కడ కూర్చున్నాను. పైన ఎక్కడో గునపాలు రాతికి తగులుతున్న చప్పుడు వినబడుతోంది. మధ్యమధ్య ఆయన కేక. కొండమీద ఊరంతా మట్టిలో ఉంటే నేను రాతిమీద కూర్చుని తెర చూస్తున్నాను. ఆ మొదటి గంట సిగ్గుతో చచ్చిపోయాను.

పదకొండు దాటాక ఒక జిల్లా ఆసుపత్రి రిపోర్టులు కదలడం మానేశాయి. చుక్క మాత్రం ఆకుపచ్చగానే ఉంది. మామూలు రోజుల్లో అయితే నాకు సాయంత్రందాకా తెలిసేది కాదు. ఆరోజు ఏం తోచిందో, ప్రతి గంటకీ ఒక్కొక్క ఆసుపత్రి ల్యాబుకి నేనే ఫోను చేస్తున్నాను. మూడో ఫోనులో ఆ ల్యాబు టెక్నీషియన్ దొరికింది. "ఇక్కడ నలభైమంది కూర్చున్నారండీ. మేమే మీకు ఎలా చెప్పాలా అనుకుంటున్నాం," అంది. డిస్కు నిండిపోయి, వచ్చిన రిపోర్టు వచ్చినట్టు గుమ్మంలోనే ఆగిపోతోంది. సిగ్నల్ రెండుసార్లు పోయింది. చప్టా చివరికంటా జరిగి, ఫోను కొమ్మకి వేలాడదీసి, మొత్తానికి దారి ఖాళీ చేశాను. చుక్క చూడలేదు. మళ్ళీ ఆమెకే ఫోను చేశాను.

"కౌంటరు దగ్గర కాగితం బయటికొస్తోందా?"

"ఉండండి," అని ఆమె ఫోను పట్టుకునే వెళ్ళింది. నడక చప్పుడు, జనం గోల, ప్రింటరు రొద. "వస్తున్నాయండీ. ఒక ముసలమ్మ తీసుకుంది. ఇంకొకాయన తీసుకున్నాడు," అంది.

నేను ఫోను పెట్టేశాను. పదేళ్ళలో మొదటిసారి నా పని ఒకరి చేతికి అందడం విన్నాను.

మర్నాడు మూడు గంటల వేళ పైనుంచి జనం దిగారు. అందరూ మట్టి బొమ్మల్లా ఉన్నారు. ఆయన వాళ్ళని ముందు పంపి చప్టా దగ్గర ఆగాడు. కనుబొమల మీద కూడా ఎర్రమట్టి.

"నీదొచ్చిందా?" అన్నాడు.

"నిన్ననే వచ్చింది బాబాయ్."

"మాదీ వొచ్చీసినాది," అన్నాడు. నా గొడుగు నీడలో ఒక్క నిమిషం కూర్చుని, లేచి ఊరివైపు వెళ్ళాడు. ఆయన వెళ్ళింది ఐదో కుళాయి దగ్గరికే. అక్కడ బాలింత అత్తగారు బిందె పట్టుకుని ఆయనకోసం ఎదురుచూస్తోందట. ఆయన తాగేదాకా ఆమె బిందె పెట్టలేదని దైమతి చెప్పింది.

తరవాత నన్ను తీసుకెళ్ళి కొత్త తొట్టి చూపించాడు. పాత చోటు మళ్ళీ జారుతుందని, ఇంకా పైన, చిన్నప్పుడు పశువుల్ని కాసేటప్పుడు చూసిన వేరే ఊటకి మార్చాడు. నిలువు బండ అంచున పైపు వేలాడుతోంది. ఆ జాయింటు వెయ్యడానికి నడుముకి తాడు కట్టుకుని దిగింది దైమతి. ఆయన చెయ్యి చాపి దాన్నే చూపించాడు, తన తొట్టిని కాదు. "ఈ బిగింపు నాకు రాదు. దాని సెయ్యే," అన్నాడు. దైమతి వినిపించుకోనట్టు తుప్పలు నరుకుతూనే ఉంది, కానీ ఆ పూటంతా నవ్వుమొహంతో ఉంది.

కాఫీపళ్ళు ఏరడం అయిపోయాక నేను వైజాగ్ తిరిగి వచ్చేశాను. ఓడిపోయి రాలేదు. ఉద్యోగానికి భయపడడం మానేసి వచ్చాను. మా జట్టులో ఇప్పుడు ఒక పద్ధతి ఉంది. రోజుకొకరు, ఏదో ఒక ఆసుపత్రి కౌంటరుకి ఫోను చేసి కాగితం చేతికందిందో లేదో అడగాలి. ఎవరు నేర్పారని కొత్తవాళ్ళు అడిగితే ఆయన గురించి చెబుతాను. నేర్పింది ఏ కాలేజీయో, ఏ పెద్ద కంపెనీయో కాకపోవడం నాకు గర్వం. నేను ఊరు వదిలి వచ్చేరోజు ఆయన ఏదో పైపు ముక్క వేడి చేస్తూ తలెత్తి, "ఆటో ఎల్లిపోద్ది. బేగి నడు," అన్నాడు. అంతకుమించి వీడ్కోలు లేదు.

ఆ తరవాతి వేసవిలో కంటి శుక్లాల ఆపరేషనుకి వైజాగ్ వచ్చి మా ఫ్లాట్‌లో నాలుగు రోజులున్నాడు. వచ్చిన సాయంత్రమే, మీ నీళ్ళు ఎక్కణ్ణుంచి వత్తాయి అని అడిగాడు. పైన ట్యాంకులోంచి అన్నాను. ట్యాంకులోకి? తెలియదు. పన్నెండేళ్ళుగా ఆ నీళ్ళతోనే బతుకుతున్నాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని డాబామీదకెక్కాడు. గొట్టానికి చెవి ఆనించి, చెయ్యెత్తాడు. వాచ్‌మన్ ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. "ఎక్కడో వాలు కారతంది," అన్నాడు ఆయన. వాచ్‌మన్ నమ్మలేదు. మర్నాడు ప్లంబరు వచ్చి చూస్తే మూడో అంతస్తు వాల్వు కారుతోంది. ఆ తరవాత ఆయన ఉన్నన్నాళ్ళూ వాచ్‌మన్ పొద్దున్నే వచ్చి, పెద్దాయన లేచారా అని అడిగేవాడు.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేశారు. కౌంటరు కిటికీలోంచి కాగితం వచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని నావైపు తిరిగాడు.

"ఇది నీదేనా?"

"ఈ ఆసుపత్రి మాది కాదు బాబాయ్. ఇలాంటిదే."

ఆ 'కాదు' ఆయన చెవికెక్కలేదు. వెనక నిలబడ్డ మనిషికి కాగితం చూపించాడు. "ఇది ఆగకుండా ఈ గుంట సూత్తాది," అన్నాడు. ఆ మనిషి నన్ను చూసి మర్యాదగా తలూపాడు. మరుక్షణం ఆ వెనకావిడకీ అదే చెప్పాడు. నేను ఆపలేదు. నా ఉద్యోగం గురించి ఎవరూ అంత మురిసిపోతూ నలుగురికీ చెప్పగా నేను వినలేదు.

దైమతి మెసేజ్ విన్న వారానికి ఆ ఊరికి వెళ్ళాను. ఆయన్ని మట్టి చేసిన చోట రాళ్ళు పేర్చి ఉన్నాయి. చుట్టుపక్కల మూడు ఊళ్ళవాళ్ళు వచ్చి కూర్చున్నారు. వాళ్ళ ఊళ్ళ పైపుల దారి కూడా చూసిపెట్టింది ఆయనేనట. ఆ సంగతి ఆయన నాతో ఎప్పుడూ అనలేదు.

నేనున్న రెండో రోజున ఒక కుర్ర ఇంజనీరు ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. కొండ ఊళ్ళలో నీటి లైన్లన్నీ నమోదు చేస్తున్నారట. ఈ లైను పటం ఉందా అని అడిగాడు. ఎవరి దగ్గరా లేదు. అది ఇన్నాళ్ళూ ఒక మనిషి తలలో ఉంది. ఇంజనీరు ఉసూరుమన్నాడు.

"నడవండి, సూపిత్తాను," అంది దైమతి.

ఊరి పెద్దతో కలిసి నలుగురం ఎక్కాం. ఆమె ముందు నడిచింది. ప్రతి జాయింటు దగ్గరా ఆగి, అరచెయ్యి వేసి, ఎప్పుడు వేశారో, లోపల గాలి ఎక్కడ నిలుస్తుందో, వానాకాలంలో ఏ చెట్టు వేరు పైపుని ఎత్తుతుందో చెప్పింది. నేను ఫోనులో చోటు చోటూ గుర్తు పెట్టాను, ఇంజనీరు ట్యాబ్‌లో ఎక్కించుకున్నాడు. ఎక్కడా తడుముకోలేదు ఆమె. సగం దారిలోనే ఆ కుర్రాడు ఆమెని అండీ అనడం మొదలుపెట్టాడు.

పైన తొట్టి దగ్గర కూర్చున్నాక అతను ఆఖరి గడి చదివాడు. "నిర్వహణ బాధ్యులు. ఎవరి పేరు రాయమంటారు?" అని ఊరి పెద్దవైపు చూశాడు.

ఊరి పెద్ద గొంతు సవరించుకునేలోగా, "నా పేరు రాయండి," అంది దైమతి.

"మీ ఆయన పేరు రాస్తే సరిపోతుంది కదండీ."

"ఆయనకి బండ మీంచి కిందకి సూత్తే కళ్ళు తిరుగుతాయి. పైపు తెగితే దిగేది నేను. నా పేరే రాయండి."

ఊరి పెద్ద ఆమె వంక ఒకసారి, బండ అంచున వేలాడుతున్న పైపు వంక ఒకసారి చూశాడు. "రాయి బాబూ," అన్నాడు.

ఇంజనీరు ట్యాబ్‌లో పేరు కొట్టాడు. దైమతి పక్కకి వంగి తెరమీద చూసింది.

"డైమతి కాదు. దైమతి. ద," అంది.

అతను చెరిపి మళ్ళీ కొట్టాడు. ఆమె ఒక్కొక్క అక్షరం మీదా వేలు ఆడిస్తూ చదివింది. పూర్తిగా చదివాక వెనక్కి జరిగింది.

"ఇప్పుడు సరే," అంది. "కింద ఫోను నంబరు కూడా రాసుకోండి."